నీటి మీది ఆకాశాన్ని తీసేస్తే

మే నెల, మిట్టమధ్యాహ్నం. విశాఖపట్నంలో తెన్నేటి పార్కు కింద రాళ్ల మీద నేనూ, మా మేనకోడలూ. ఆ ఎండలో అక్కడ తిరిగేది పీతలు పట్టుకునే కుర్రాళ్లు, మాలాంటి కెమెరా పిచ్చివాళ్లే. ఆటు వేళ సముద్రం వెనక్కి తగ్గితే రాళ్ల మధ్య గుంటల్లో నీళ్లు నిలిచిపోతాయి. ఒక్కో గుంటా ఒక్కో చిన్న పేట. ఎవరో ఖాళీ చేసిపోయిన శంఖంలో కాపురం పెట్టి, ఆ ఇంటిని వీపున మోసుకు తిరిగే సన్యాసి పీతలు, ఒంటినిండా ముళ్లతో నల్ల బంతుల్లా రాతి పగుళ్లలో కూరుకున్న జీవులు, వేలు తగిలితే ముడుచుకుపోయే పువ్వుల్లాంటి ప్రాణులు. అన్నీ జానెడు లోతులోనే. పైనుంచి చూస్తే మాత్రం ఏమీ కనబడదు. నీటి మీద తెల్లగా ఆకాశం మెరుస్తుంటుంది, అంతే.

ఆ పిల్ల ఒక ఫొటో తీసింది. గుంట నిండా వెండిరేకు పరిచినట్టు వచ్చింది. నా కెమెరా తీసి, లెన్స్ ముందున్న పోలరైజర్ ఫిల్టర్ రింగును రెండు వేళ్లతో మెల్లగా తిప్పాను. ఒకచోటికి వచ్చేసరికి రేకు ఎత్తేసినట్టు మెరుపు పోయింది. అడుగున ఇసుక రేణువులు సహా లెక్కపెట్టుకునేట్టు కనిపించాయి. కెమెరా దాని చేతికిచ్చాను. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "మావయ్యా, ఇదంతా తరవాత ఎడిటింగ్‌లో చేసుకోవచ్చు కదా. ఈ గాజుముక్కకి మూడు వేలు దండగెందుకు?" అంది.

అడగవలసిన ప్రశ్నే. ఫిల్మ్ కెమెరాల కాలంలో ఫొటోగ్రాఫర్ సంచిలో పదో పన్నెండో ఫిల్టర్లు ఉండేవి. వాటిలో సగానికి పైగా ఇప్పుడు నిజంగానే దండగ. మిగిలినవాటికి మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ సాటి రాదు. ఏది ఏదో తేల్చుకోవడానికి నేను పట్టుకున్న సూత్రం ఒకటుంది. ఫిల్టర్ ఫొటోకి ఏదీ కలపదు, తీసేస్తుంది. లెన్స్‌లోకి వచ్చే వెలుగులో కొంత భాగాన్ని బయటే ఆపేస్తుంది. కాబట్టి ఏ వెలుగులో ఏ ఫిల్టర్ అన్నదానికి ముందు, ఇక్కడ నాకు అడ్డొస్తున్న వెలుగు ఏది అని చూసుకోవాలి. అది సెన్సర్ మీద మిగతా వెలుగుతో కలిసిపోయాక మళ్లీ విడదీయగలమా అన్నది ఆ తరవాతి మాట. విడదీయగలిగితే ఫిల్టర్ అక్కర్లేదు. పాలల్లో నీళ్లలా కలిసిపోయేదైతే ముందే ఆపాలి.

నీటి మీది మెరుపు ఈ రెండో రకం. వెలుగు ఒక తరంగం, తన దారికి అడ్డంగా ఊగుతూ సాగుతుంది. సూర్యుడి నుంచి నేరుగా వచ్చే వెలుగులో ఈ ఊపు అన్ని దిక్కులా ఉంటుంది. అది నీటి మీదో గాజు మీదో పడి తిరిగి లేచేటప్పుడు ఆ ఉపరితలానికి సమాంతరంగా ఊగే భాగం ఎక్కువగా వస్తుంది. ఒక ప్రత్యేకమైన కోణంలో అయితే అదొక్కటే వస్తుంది. స్కాట్లండ్ శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ 1815లో ఆ కోణానికి సూత్రం కట్టాడు. నీటికి అది నిట్టనిలువు గీత నుంచి 53 డిగ్రీలు. మన లెక్కలో చెప్పాలంటే నీటిమట్టానికి 37 డిగ్రీల వాలులో చూడాలి. నిలబడిన మనిషి నాలుగడుగుల దూరంలో ఉన్న గుంటలోకి చూస్తే చూపు కాస్త ఎక్కువే కిందికి వాలుతుంది. రెండడుగులు వెనక్కి వేస్తే సరిగ్గా కుదురుతుంది. అందుకే ఆ పిల్లని వెనక్కి జరగమన్నాను. దగ్గరికి వెళితే బాగా కనిపిస్తుందన్న లోకజ్ఞానం ఇక్కడ పనిచేయదు.

సెన్సర్‌కి ఈ ఊపు దిక్కు తెలియదు. తన మీద ఎంత వెలుగు పడిందో, ఏ రంగుదో మాత్రమే రాసుకుంటుంది. నీటి పైనుంచి ఎగిరొచ్చిన తెలుపూ, అడుగు నుంచి పైకొచ్చిన ఇసుక రంగూ ఒకే గడిలో పడ్డాక రెండూ కలిసి ఒకే అంకె. ఆ అంకెని ఎంత పిండినా ఎవరి వాటా ఎంతో చెప్పదు. ఇప్పటి కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్లు మెరుపు చెరిపేసి దాని కింద ఏదో ఒకటి గీసి ఇస్తాయి. అది ఊహ. ఆ గుంటలో ఉన్న పీత అది కాదు.

నీటి మీది మెరుపు తీసేసి చూసే ఈ పనిని ఇదే సముద్రపు ఒడ్డున పెరిగిన ఒకాయన వందేళ్ల కిందట చేశాడు. చంద్రశేఖర వెంకటరామన్. ఆయన తండ్రి ఇక్కడి ఏవీఎన్ కళాశాలలో పాఠాలు చెప్పేవారు, రామన్ బడి చదువు ఈ ఊళ్లోనే సాగింది. 1921లో ఇంగ్లండ్ వెళ్లి, నార్కుండా అనే ఓడలో తిరిగొస్తూ మధ్యధరా సముద్రపు నీలాన్ని చూశాడు. సముద్రానికి ఆ రంగు ఆకాశం ప్రతిబింబం వల్ల వస్తుందని అప్పటికి పెద్దమాటగా చెప్పుకునేవారు. చెప్పింది లార్డ్ రేలీ అంతటివాడు. రామన్ దగ్గర జేబులో పట్టే నికల్ పట్టకం ఉంది. కాల్సైట్ స్ఫటికంతో చేసేది, ఇప్పటి పోలరైజర్‌కి తాతలాంటిది. దాన్ని కంటికి పెట్టుకుని, బ్రూస్టర్ కోణంలో సముద్రాన్ని చూస్తూ తిప్పి, నీటి మీది ఆకాశాన్ని తీసేశాడు. ప్రతిబింబమే కారణమైతే నీలం పోవాలి. పోకపోగా ఇంకా చిక్కబడింది. రంగు నీటిదే, నీటి అణువులు వెలుగుని చెదరగొట్టడం వల్లే అని ఓడ దిగకముందే నేచర్ పత్రికకి ఉత్తరం రాశాడు. మా మేనకోడలు రాళ్ల గుంటకి చేసింది, ఆయన మధ్యధరా సముద్రానికి చేశాడు.

పోలరైజర్ అనేది ఎలా తయారవుతుందో కూడా ఒక ముచ్చట చెప్పాలి. 1852లో బ్రిస్టల్‌లో హెరాపత్ అనే వైద్యుడి శిష్యుడు, క్వినైన్ తాగించిన కుక్క మూత్రంలో అయొడిన్ వేస్తే చిన్న చిన్న ఆకుపచ్చ స్ఫటికాలు కట్టాయి. అవి ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడ్డచోట నల్లగా కనిపించాయని హెరాపత్ గమనించాడు. ఆ స్ఫటికాలనే లక్షల సంఖ్యలో ఒకే దిక్కుకి తిప్పి పలుచటి రేకులో పరిచే ఉపాయం అమెరికాలో ఎడ్విన్ లాండ్‌కి 1920ల చివర్లో తట్టింది. తరవాత 1938లో స్ఫటికాలు మానేసి, ప్లాస్టిక్ రేకుని ఒక దిక్కుకి సాగదీసి అయొడిన్ పట్టించాడు. ఇప్పటికీ దాదాపు అదే పద్ధతి. సాగినవైపే అణువులు దండల్లా బారులు తీరతాయి. ఇక్కడ పాఠ్యపుస్తకాల మీద చిన్న ఫిర్యాదు. గేటు ఊచల మధ్య తాడు ఊపితే ఊచల వెంట ఊగే అల దాటుతుంది, అడ్డంగా ఊగేది దాటదు అని బొమ్మ వేస్తారు. ఈ రేకులో జరిగేది తలకిందులు. దండల వెంట ఊగే వెలుగునే అవి మింగేస్తాయి, అడ్డంగా ఊగేది దాటిపోతుంది.

కొనేటప్పుడు దుకాణంలో సీపీఎల్, అంటే సర్క్యులర్ పోలరైజర్ అని అడగండి. పేరులో 'సర్క్యులర్' ఉన్నది రింగు గుండ్రంగా ఉందని కాదు. పాత ఎస్సెల్లార్ కెమెరాల్లో వెలుగుని కొంత ఫోకస్ పరికరానికి, కొంత మీటరుకి పంచే సగం అద్దాలు ఉంటాయి. ఒకే దిక్కుకి ఊగే వెలుగు పడితే ఆ అద్దాలు లెక్క తప్పుతాయి. అందుకని రేకు వెనక ఇంకో పొర పెట్టి, ఏరిన వెలుగుని మరచుట్టులా మెలితిప్పి లోపలికి పంపుతారు. అద్దం లేని ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలకి ఆ బాధ చాలావరకు లేదు కానీ, బజారులో దొరికేది మాత్రం ఇదే.

అసలుదో నకిలీదో తెలుసుకోవడానికి లాప్‌టాప్ చాలు. తెల్లటి తెర పెట్టి, ఫిల్టర్ ముందువైపు తెరకి ఆనించినట్టు పట్టి తిప్పండి. ఎక్కడో ఒకచోట తెర నల్లబడాలి. ఇప్పుడు ఫిల్టర్ని వెనక్కి తిప్పి, కెమెరాకి బిగించే వైపు తెరకి పెట్టి చూడండి. ఈసారి నల్లబడదు, కాస్త పచ్చగానో నీలంగానో మారుతుందంతే. అయితే అది సరైన సీపీఎల్. రెండువైపులా నల్లబడితే పాతకాలపు లీనియర్ రకం. ఎటు తిప్పినా ఏమీ కాకపోతే మీ చేతిలో ఉన్నది మసి గాజు.

పెళ్లిళ్లలో దీని పనితనం ఇంకా బాగా తెలుస్తుంది. పందిట్లో అరటిచెట్లు కడతారు. పగటి వెలుగులో అరటాకు ఫొటోలో సగం తెల్లగా వస్తుంది, ఆకు నునుపు మీద ఆకాశం మెరవడం వల్ల. పోలరైజర్ తిప్పితే ఆ తెలుపు పోయి లోపలి పచ్చదనం బయటపడుతుంది. పక్కనే పెళ్లికూతురి పట్టుచీర జరీ అంచు మాత్రం ఎంత తిప్పినా అలాగే మెరుస్తుంది. లోహం మీద పడి తిరిగొచ్చే వెలుగుకి ఇలా ఒక దిక్కు ఊపు ఏర్పడదు, అందుకని ఫిల్టర్ దాన్ని పట్టుకోలేదు. జరీ అసలుదో కాదో తేల్చుకునే పరీక్ష అనుకునేరు. నకిలీ జరీ మీదా ఉండేది ఏదో ఒక లోహమే. ఒకే ఫ్రేములో ఆకు మెరుపు పోయి అంచు మెరుపు నిలవడం మాత్రం చూడ ముచ్చటగా ఉంటుంది.

ఆకాశం సంగతి వేరు. గాలి అణువులు వెలుగుని చెదరగొట్టడంలో పొట్టి తరంగాలకి పెద్దపీట వేస్తాయి. 400 నానోమీటర్ల ఊదారంగు, 700 నానోమీటర్ల ఎరుపు కంటే దాదాపు 9 రెట్లు ఎక్కువగా చెదురుతుంది. అలా చెదిరిన వెలుగు సూర్యుడికి 90 డిగ్రీల దూరంలో ఉన్న పట్టీలో బాగా ఒకే దిక్కుకి ఊగుతుంది. చూపుడువేలు సూర్యుడి వైపు పెట్టి బొటనవేలు చాచి మణికట్టు తిప్పండి. బొటనవేలు గీసిన గీతే ఆ పట్టీ. అక్కడ పోలరైజర్ ఆకాశాన్ని ముదురు నీలం చేస్తుంది. మబ్బులో చినుకుల మధ్య వెలుగు పదేపదే తగిలి తిరగడం వల్ల ఊపు దిక్కు చెడిపోతుంది కాబట్టి మబ్బు తెల్లగానే నిలుస్తుంది.

విదేశీ పుస్తకాల్లో మధ్యాహ్నం కెమెరా ముట్టుకోవద్దని రాస్తారు. వాళ్ల సూర్యుడు వేరు, మన సూర్యుడు వేరు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలోనూ ఆగస్టు 3 ప్రాంతంలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలబెట్టిన కర్రకి నీడ ఉండదు. విశాఖలోనూ ఒకటి రెండు రోజుల తేడాతో అంతే. సూర్యుడు నెత్తిన ఉంటే 90 డిగ్రీల పట్టీ ఎక్కడుంటుంది? దిగంతం చుట్టూ. అంటే ఎటు తిరిగి తీసినా నేలకి దగ్గరున్న ఆకాశం ముదురుతుంది. సాయంత్రమైతే ఆ పట్టీ ఉత్తరం నుంచి దక్షిణానికి నడినెత్తి మీదుగా వంతెనలా నిలబడుతుంది. వెడల్పాటి లెన్స్‌తో తీస్తే ఆకాశం మధ్యలో చారలా నల్లబడి, రెండు పక్కలా వెలిసిపోయి, ఇస్త్రీ మాడిన బట్టలా ఉంటుంది. అలాంటప్పుడు తీసేయడమే మేలు. వర్షం వెలిసి హరివిల్లు వచ్చినప్పుడూ జాగ్రత్త. హరివిల్లు వెలుగు కూడా ఒక దిక్కుకి ఊగేదే. రింగు ఒకవైపు తిప్పితే రంగులు చిక్కబడతాయి, ఇంకోవైపు తిప్పితే హరివిల్లే మాయం.

పోలరైజర్ ఊరికే పనిచేయదు. వెలుగులో ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు తనే తినేస్తుంది (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది). సందె వేళ, గుడి మండపంలో, దట్టమైన చెట్ల కింద లెన్స్‌కి ఉంచేస్తే ఫొటోలు వణుకుతాయి.

ఇక ఎన్డీ, అంటే న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్లు. వీటికి రంగు లేదు, దిక్కు లేదు. నల్లద్దంలా వచ్చే వెలుగునంతా సమానంగా తగ్గిస్తాయి. అడ్డొచ్చే వెలుగు ఏది అంటే, ఇక్కడ జవాబు 'అంతా' అనే. వీటి పేర్లు మన పొలాల కొలతల్లాంటివి. ఒకే చెక్కని తెలంగాణలో కుంటల్లో చెబుతారు, కోస్తాలో సెంట్లలో చెబుతారు. అలాగే ఎన్డీ 8 అన్నా, 0.9 అన్నా, 3 స్టాపులు అన్నా ఒకటే ఫిల్టర్, ఎనిమిదో వంతు వెలుగుని పంపేది. ఎన్డీ 64 అంటే 6 స్టాపులు. ఎన్డీ 1000 అంటే 10 స్టాపులు.

వెలుగుని తగ్గించడం ఎందుకంటే, కాలాన్ని సాగదీయడానికి. ఫిల్మ్ రోజుల నాటి లెక్క ఒకటుంది. నిండు ఎండలో ఐఎస్‌ఓ 100, అపర్చర్ ఎఫ్ 16 పెడితే షట్టర్ సెకనులో నూరో వంతు. అంత వేగంలో అల గాజు పగిలినట్టు గడ్డకడుతుంది. అల పాలలా సాగాలంటే కనీసం అర సెకను కావాలి. అపర్చర్ ఇంకా మూస్తే సరిపోదా అంటే, సన్నటి రంధ్రం అంచుల దగ్గర వెలుగు వంగి బొమ్మ పదును చెడుతుంది. ఎన్డీ 64 బిగిస్తే నూరో వంతు కాస్తా 0.64 సెకను అవుతుంది. ఎన్డీ 1000 అయితే 10 సెకన్లు, సముద్రం పొగమంచైపోతుంది. ఆర్కే బీచ్‌లో ఆదివారం సాయంత్రం వెలుగు కాస్త తగ్గాక ఇలా అరనిమిషం షట్టర్ తెరిచి ఉంచితే నడిచే జనమంతా మాయమై, మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి ఒక్కటీ మిగులుతుంది, కదలదు కాబట్టి. రెండు జాగ్రత్తలు. ఎన్డీ 1000 పెట్టాక కెమెరాకే ఏమీ కనబడకపోవచ్చు, కాబట్టి ఫోకస్ ముందే చేసి ఆటోఫోకస్ ఆపేసి అప్పుడు బిగించాలి. తడి ఇసుకలో ట్రైపాడ్ కాళ్ల కింద ఇసుకని ప్రతి అలా కొంచెం లాక్కుపోతుంది. కాళ్లని ముందే లోతుగా గుచ్చాలి.

మేనకోడలి ప్రశ్న ఇక్కడ గట్టిది. గబగబా వంద ఫొటోలు తీసి వాటి సగటు కడితే అల పాలలాగే వస్తుంది. కొన్ని ఫోన్లు చేసేది అదే. కాబట్టి కదలని ఫొటోకి ఎన్డీ తప్పనిసరి అనను. వీడియోకి మాత్రం తప్పదు. సెకనుకి 25 ఫ్రేములు తీసేటప్పుడు ఒక్కో ఫ్రేముకి యాభయ్యో వంతు సెకను షట్టర్ పెడితేనే కదలిక కంటికి సహజంగా ఉంటుంది. మన దేశంలో కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది కనుక, ఆ షట్టర్‌కి ట్యూబులైట్ల మిణుకు కూడా పడదు. ఎదురుకోలు ఎండలో జరుగుతోంది, ముఖం తప్ప వెనకంతా మసకబారాలని ఎఫ్ 2.8 పెట్టారు. ఐఎస్‌ఓ 100 దగ్గర లెక్క కట్టండి: నూరో వంతు నుంచి యాభయ్యో వంతుకి ఒక స్టాపు, ఎఫ్ 16 నుంచి 2.8కి ఐదు. మొత్తం ఆరు, అంటే మళ్లీ ఎన్డీ 64. ఒకటే కొనమంటే నేను చెప్పేది అదే.

తిప్పితే నలుపు పెరిగే వేరియబుల్ ఎన్డీలు వీడియో కుర్రాళ్లకి బాగా అలవాటు. నిజానికి అవి ఒకదాని వెనక ఒకటి పెట్టిన రెండు పోలరైజర్లు. చివరికంటా తిప్పితే వెడల్పు లెన్స్‌లో ఫ్రేముకి అడ్డంగా ఇంటూ గుర్తులా నల్లటి నీడ పడుతుంది. మొదటి గాజు పోలరైజరే కాబట్టి నీటి మెరుపూ కారు అద్దాల మెరుపూ కూడా అడగకుండానే మారిపోతాయి.

తెల్లవారుజాము సముద్రం ముందు ఇంకో చిక్కు. ఆకాశం వెలిగిపోతుంటుంది, ఇసుక చీకట్లో ఉంటుంది. పైసగం నల్లగానూ కిందిసగం పారదర్శకంగానూ ఉండే గ్రాడ్ ఫిల్టర్లు దీనికోసమే. ఫ్రాన్స్‌లో జాన్ కొకాన్ 1978లో మొదలుపెట్టిన కోకిన్ చట్రాల వల్ల ఇవి అందరికీ అందాయి. సముద్రానికి దిగంతం గీత గీసినట్టు ఉంటుంది కాబట్టి ఇక్కడ కుదురుతుంది. అరకు లోయలో కొండకొమ్ము ఆ గీతని దాటి పైకొస్తే కొండ నెత్తి మసిబారుతుంది. ఇప్పుడు వేర్వేరు ఎక్స్‌పోజర్లతో రెండు మూడు తీసి కలుపుతున్నారు. నేనూ అంతే. నా గ్రాడ్ ఎక్కడుందో వెతకాలి.

యూవీ ఫిల్టర్ గురించి నాకో పాత బాధ ఉంది. హైదరాబాద్ కోఠిలో ఒక దుకాణంలో లెన్స్ కొన్నప్పుడు "ఇది లేకపోతే లెన్స్ పోతుంది సార్" అని అంటగట్టారు. ఆ ఏడు కార్తీక పౌర్ణమి రాత్రి కోనేటి మెట్ల మీద దీపాలు తీశాను. ఇంటికొచ్చి పెద్ద తెర మీద చూస్తే నల్లటి ఆకాశంలో తలకిందులుగా ఆకుపచ్చ దీపాల వరస. ఒక్క ఫొటో కాదు, రాత్రంతా తీసినవన్నీ అంతే. పూత లేని గాజు ఒక్కో ముఖం దగ్గర సుమారు 4 శాతం వెలుగుని వెనక్కి కొడుతుంది. దీపం బొమ్మ సెన్సర్ మీద పడి, అక్కడి నుంచి కొంత ఎగిరి లెన్స్ గుండా బయటికెళ్లి, చదునైన ఫిల్టర్ గాజుకి తగిలి మళ్లీ లోపలికొచ్చి, ఫ్రేము మధ్యబిందువుకి అటుపక్క దయ్యంలా కూర్చుంది. పగలైతే ఆ బలహీనమైన బొమ్మ ఎవరికీ కనబడదు. ఇంతకీ అతినీలలోహిత కిరణాలు ఫిల్మ్‌కి చేటు చేసేవి, కొండల ఫొటోలు నీలంగా మసకబారేవి. డిజిటల్ సెన్సర్ల ముందు వాటిని ఆపే గాజు కెమెరా తయారయ్యేటప్పుడే పెడతారు. కాబట్టి యూవీ ఫిల్టర్ ఇప్పుడు లెన్స్‌కి ముసుగు మాత్రమే. ఉప్పు తుంపరలు ఎగిరే రాళ్ల మీద ఆ ముసుగు పనికొస్తుంది, నేనూ పెడతాను. చీకటి పడి దీపాలు వెలగగానే విప్పి జేబులో వేసుకుంటాను.

రంగు ఫిల్టర్ల కథ ముగిసినట్టే. లండన్ దగ్గర క్రోయ్‌డన్‌లో రాటెన్ అనే ఆయన కంపెనీ వీటికి పెట్టిన 'రాటెన్' పేరు, 1912లో కొడాక్ ఆ కంపెనీని కొన్నాక కూడా నిలిచిపోయింది. బల్బు వెలుగుకి చేసిన ఫిల్మ్‌తో ఎండలో తీయాలంటే 85 నంబరు నారింజ, ఎండ ఫిల్మ్‌తో బల్బు కింద తీయాలంటే 80ఏ నీలం. ఇప్పుడు ఆ పని వైట్ బ్యాలెన్స్ మీటది. ఎందుకంటే సెన్సర్‌కి రంగుల లెక్క తెలుసు. కొడాక్‌లో బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన పద్ధతిలో ప్రతి గడి మీదా ఎరుపో పచ్చో నీలమో చిన్న ఫిల్టర్ అతికి ఉంటుంది. ఫిల్టర్లు వాడనని చెప్పేవాళ్ల కెమెరాలో కూడా కోట్ల ఫిల్టర్లున్నాయన్నమాట. నలుపు తెలుపు సినిమాల్లో ఆకాశాన్ని నల్లబరచడానికి ఎర్ర ఫిల్టర్ పెట్టి పట్టపగలే రాత్రిని తీసేవారు. అప్పటి కెమెరామన్‌కి తరవాత దిద్దుకునే వీల్లేదు. 1957 నాటి మాయాబజార్‌లో మార్కస్ బార్ట్‌లీ తెర మీద కాయించిన వెన్నెల గురించి ఇప్పటికీ చెప్పుకుంటున్నామంటే ఊరికే కాదు.

వైట్ బ్యాలెన్స్ చేతులెత్తేసే వెలుగు ఒకటుంది. పసుప్పచ్చ సోడియం వీధి దీపాలు. వాటి వెలుగు ప్రధానంగా 589 నానోమీటర్ల దగ్గరే పోగుపడి ఉంటుంది. గాజు ఊదేవాళ్ల కళ్లద్దాల్లో వాడే డిడిమియం గాజు సరిగ్గా ఆ పసుపునే మింగుతుంది. దాన్నే రాత్రి ఫిల్టర్ అని అమ్ముతున్నారు. అయితే 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను స్తంభాల్ని విరగ్గొట్టాక విశాఖ వీధులు ఎల్‌ఈడీలకి మారిపోయాయి. ఎల్‌ఈడీ తెలుపు అన్ని రంగుల్లోకీ పరుచుకుని ఉంటుంది. ఒక్క పసుపుని తీసేస్తే ఏమీ ఒరగదు. ఈ ఊళ్లో ఆ ఫిల్టర్ కొననక్కర్లేదు.

రంగు ఫిల్టర్లతో అన్నిటికంటే పెద్ద పని చేసింది కూడా రామనే. 1928లో, తోటి పరిశోధకుడు కృష్ణన్‌తో కలిసి, ఎండని ఒక నీలి ఊదా ఫిల్టర్ గుండా ద్రవంలోకి పంపారు. చూసే కంటి ముందు పసుపుపచ్చ ఫిల్టర్ పెట్టారు. మొదటిది వదిలినదాన్ని రెండోది ఆపేస్తుంది, కాబట్టి చీకటి కనబడాలి. సన్నగా వెలుగు కనబడింది. లోపలికి వెళ్లని రంగు బయటికి వచ్చింది. రామన్ ఫలితం అదే.

సూర్యుడి మీదికి నేరుగా కెమెరా తిప్పేవాళ్లకి ఒక్క మాట. మా చిన్నప్పుడు గ్రహణానికి పొగబట్టించిన గాజుముక్కలు, ఎక్స్‌రే ఫిల్ములు పంచుకునేవాళ్లం. చేయకూడని పని. ఎన్డీ 1000 ఉంది కదా అనుకునేవాళ్లూ ఉన్నారు. అది వెయ్యో వంతు వెలుగుని పంపుతుంది, కంటికి కనబడని పరారుణ కిరణాలనైతే ఇంకా ఎక్కువే వదలొచ్చు. సూర్యుణ్ని చూడటానికి చేసిన సోలార్ రేకు పంపేది లక్షో వంతు. వంద రెట్ల తేడా. ఆ రేకు లెన్స్ ముందే ఉండాలి, వెనక కాదు. అద్దాల కెమెరా అయితే రేకు లేకుండా వ్యూఫైండర్లో కన్ను పెట్టనే కూడదు.

ఆఖరికి ఆ పిల్ల కొన్నది ఒక్క సీపీఎల్, ఒక్క ఎన్డీ 64. రెండూ 77 మిల్లీమీటర్ల సైజు. తన లెన్స్ 58దే అయినా స్టెప్-అప్ రింగు వేసుకుంటే సరిపోతుంది, రేపు పెద్ద లెన్స్ కొన్నా మళ్లీ ఫిల్టర్ కొనక్కర్లేదు.

వారం తరవాత ఒకరోజు పొద్దున్నే ఆటు చూసుకుని మళ్లీ అదే రాళ్ల మీదికి వెళ్లాం. సూర్యుడు ఇంకా నీళ్లలోంచి లేవలేదు. తూర్పంతా దానిమ్మ గింజ రంగు. అది గుంట ముందు గొంతుక్కూర్చుని రింగు తిప్పింది, అడుగు కనబడింది, ఆనాటి పీత కూడా అక్కడే ఉంది. కాసేపు చూసి, రింగుని మెల్లగా వెనక్కి తిప్పేసింది. పీత పోయింది, గుంట నిండా ఎర్రటి ఆకాశం వచ్చి కూర్చుంది. ఆ ఫొటో తీసుకుంది.